చొక్కా లోపల బనియన్ వేసుకోవాలా, వద్దా? విశాఖ మగవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఉద్యోగానికి వెళ్లే మగవాడికి చొక్కాతో వచ్చే బాధలు ముఖ్యంగా రెండు. ఒకటి చెమట, రెండోది ఆ చెమట పదిమందికీ కనపడటం. బనియన్ గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఆఫీసుకి, ఇంటర్వ్యూకి, పెళ్లికి వేసుకునే చొక్కాల గురించే ఈ ప్రశ్నలు. టీషర్టుల ఊసు ఇక్కడ లేదు.

సూటిగా చెప్పండి. ఆఫీసు చొక్కా కింద బనియన్ ఉండాలా, అక్కర్లేదా?

చొక్కా పల్చనిదై, లేత రంగుదై, టక్ చేసి రోజంతా ఒంటి మీద ఉండేదైతే ఉండాలి. కాస్త దళసరి గుడ్డ, ముదురు రంగు, గళ్ల చొక్కా, టక్ లేకుండా వదులుగా వేసుకునేది అయితే మీ ఇష్టం. లినెన్ అయితే వద్దనే చెప్తాను.

బనియన్ లేకపోతే మర్యాద కాదు అనేవాళ్లున్నారు. బనియన్ వేసుకుంటే పాతకాలం మనిషి అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా పక్కన పెట్టేయండి. మన ఊరి గాలికి ఆ చొక్కా సాయంత్రం దాకా ఎలా ఉంటుందన్నదే లెక్క.

ఇంత ఉక్కపోతలో ఇంకో గుడ్డ తగిలించుకుంటే ఇంకా చెమట పట్టదా?

పడుతుంది, కొంచెం. అందులో దాచేదేమీ లేదు.

వేసవిలో విజయవాడ 42 డిగ్రీల్లో ఉడికిపోతుంటే మన దగ్గర చాలా రోజులు 34, 35 దగ్గరే ఆగుతుంది. టీవీలో ఆ అంకె చూసి "మీకేంటండీ, సముద్రం ఉంది" అంటారు హైదరాబాద్ చుట్టాలు. వచ్చి జగదాంబ జంక్షన్‌లో మధ్యాహ్నం పావుగంట నిలబడితే వాళ్లకే అర్థమవుతుంది. ఇక్కడ గాలిలో తేమ 70 శాతం దాటడం మామూలే. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆవిరి కావాలి. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కారి కింద పడిపోయిన చెమట వల్ల ఏ ఉపయోగమూ లేదు. గుడ్డలోకి ఇంకి, ఒంటికి దూరంగా ఆరిన చెమట వల్ల వచ్చే లాభం కూడా తక్కువే. గాలి ఇప్పటికే తేమతో నిండి ఉంటే చెమట ఆరడానికి చోటేదీ? అందుకే కొలతలో తక్కువ కనపడే మన ఎండ ఒంటికి ఎక్కువ తెలుస్తుంది.

అలాంటప్పుడు బనియన్ ఎందుకంటే, చొక్కాకి, ఒంటికి మధ్య అది చేసే పని కోసం. మనం కొనే ఆఫీసు చొక్కాల్లో చాలావాటిలో పాలిస్టర్ కలిసి ఉంటుంది. అది చెమటను సరిగ్గా పీల్చుకోదు, తడిసి వీపుకి అతుక్కుపోతుంది. లోపల పల్చటి కాటన్ బనియన్ ఉంటే చెమట దానిలోకి పాకి వెడల్పుగా పరుచుకుంటుంది. చొక్కా మీద చెమట పటాలు ఆలస్యంగా వస్తాయి, వచ్చినా చిన్నవిగా ఉంటాయి. ఈ లాభం పల్చటి బనియన్‌తోనే. వెలుతురుకేసి పట్టుకుంటే వెనకాల మీ వేళ్లు లీలగా కనపడాలి. దళసరి బనియన్ కొన్నారా, చొక్కా కింద ఇంకో చొక్కా వేసుకున్నట్టే.

ఒక చిత్రం ఉంది. మే నెలలో ఎప్పుడైనా సముద్రపు గాలి ఆగిపోయి పడమటి గాలి తిరుగుతుంది. ఎండ 40కి చేరుతుంది, రోడ్డు మీద మొహం మాడిపోతుంది. కానీ ఆ గాలి పొడిది, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఆ రోజు బనియన్ పెద్దగా ఇబ్బంది పెట్టదు. మబ్బు పట్టి ఆకు కదలని రోజునే చిరాకు పెడుతుంది.

చొక్కాల చంకల్లో పసుపు మరకలు పడుతున్నాయి. బనియన్ వేసుకుంటే రావా?

చాలావరకు రావు, చంకను కప్పే బనియన్ అయితేనే.

ఆ పసుపు ఒక్క చెమట వల్ల వచ్చేది కాదు. చెమటను ఆపడానికి చంకల్లో రాసుకునే ఆంటీపెర్స్‌పిరెంట్లలో అల్యూమినియం లవణాలు ఉంటాయి. అవి చెమటలోని ప్రోటీన్లతో, కొవ్వుతో కలిసి దారాల్లోకి కూరుకుపోతాయి. నెలలు గడిచేసరికి అక్కడ గుడ్డ పసుపుపచ్చగా, అట్టలా గట్టిపడుతుంది. వట్టి డియోడరెంట్ వాసన సంగతే చూస్తుంది, చెమటను ఆపదు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని ఏది చేతికొస్తే అది కొట్టేసుకుంటారు. డబ్బా వెనక సన్న అక్షరాల్లో అల్యూమినియం పేరు ఉందో లేదో చూడండి, మీరు ఏది వాడుతున్నారో తెలిసిపోతుంది.

స్నానం చేసి, తడి చంకలో రోలాన్ రాసి, వెంటనే చొక్కా తొడిగేస్తే అందులో సగం గుడ్డకే అంటుతుంది. రాత్రి పడుకునే ముందు పొడి చర్మం మీద రాసుకోవడం మేలు. అప్పుడు చెమట తక్కువ కనుక మందు గ్రంథుల నోళ్లలోకి బాగా దిగుతుంది. పొద్దున్న స్నానం చేసినా దాని పని పోదు.

ఇప్పటికే పడిన మరకకి వంట సోడాలో కాసిని నీళ్లు కలిపి ముద్దగా పట్టించి అరగంట ఉంచండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది ఉతకండి. పోకపోతే తర్వాతి ఉతుకులో తెల్ల వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టండి. రెండూ ఒకేసారి పోస్తే బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, పని మాత్రం జరగదు. ఒకదాని గుణాన్ని ఇంకొకటి చంపేస్తుంది. క్లోరిన్ బ్లీచ్ జోలికి పోవద్దు, ఈ మరక దానితో ఇంకా ముదురుతుంది. మరక పోయిందని తేల్చుకోకుండా ఇస్త్రీ బండికి ఇవ్వకండి. వేడి తగిలితే అది గుడ్డలో పాతుకుపోతుంది.

కట్ బనియనా, హాఫ్ హ్యాండ్స్ బనియనా?

పూర్ణా మార్కెట్ వైపు పాత బట్టల షాపుకి వెళితే కౌంటర్ వెనకాల పెద్దాయన మీ మొహం చూడడు, ఛాతీ చూస్తాడు. "తొంభైయా బాబూ? కట్టా, హేండ్సా?" అని అడుగుతాడు. మీరు ఆలోచించుకునేలోపే రెండు అట్టపెట్టెలు దింపి, ఒక్కో బనియన్ విదిలించి బల్ల మీద పరుస్తాడు. కొన్ని కంపెనీల పెట్టెల మీద ఆర్‌ఎన్ అని ఉంటుంది, అంటే గుండ్రటి మెడ, చేతులు లేనిది. ఆర్‌ఎన్‌ఎస్ అంటే అదే మెడకి చేతులున్నది.

ఆఫీసు చొక్కా కింద హాఫ్ హ్యాండ్సే కొనండి. కట్ బనియన్‌కి చంక దగ్గర గుడ్డే ఉండదు. చెమట ఎక్కడ పడుతుందో అక్కడే అది పనిచేయదు. పైగా భుజాల మీద దాని పట్టీలు చొక్కాలోంచి గీతలుగా తేలతాయి. వెనక బెంచీ కుర్రాళ్లు లెక్చరర్ గారి వీపు మీద ఆ గీతల్ని చూసి నవ్వుకోని కాలేజీ ఉండదు.

కట్ బనియన్‌కి దాని చోటు దానికి ఉంది. ఇంట్లో లుంగీ మీదకి, ఫిషింగ్ హార్బర్‌లో వల లాగేవాడికి, ముదురు రంగు చొక్కా కింద పొట్ట, వీపు చెమట పీల్చుకుంటే చాలనుకునేవాడికి అది హాయి.

తెల్ల చొక్కా కింద తెల్ల బనియనే కదా వేసుకోవాలి?

అందరూ అలాగే అనుకుంటారు, అందుకే అందరి బనియన్లూ కనపడుతుంటాయి. మన ఒంటి రంగు చామనఛాయ, బనియన్ తెల్లగా మెరుస్తుంది. పల్చటి చొక్కా వెనకాల ఆ రెండింటికీ ఉన్న తేడాయే మెడ దగ్గర, చేతుల దగ్గర అంచుగా తేలుతుంది. ఒంటి రంగుకి దగ్గరగా ఉండే గోధుమరంగు బనియన్ వేసుకుంటే ఆ అంచు మాయమవుతుంది. అది దొరక్కపోతే లేత బూడిద రంగు కూడా తెలుపు కంటే నయం.

నమ్మకం కుదరకపోతే షాపులోనే చూసుకోవచ్చు. బనియన్ చేతిని మీ ముంజేతి మీద వేసుకోండి. పైన మీ చొక్కా గుడ్డ ఒక పొర కప్పి గుమ్మం దాకా వచ్చి పగటి వెలుతురులో చూడండి. షాపు ట్యూబులైటు కింద అన్నీ బాగానే ఉంటాయి.

ముదురు నీలం, నలుపు చొక్కాల కింద ఏ రంగైనా ఒకటే.

పై గుండీ తీస్తే బనియన్ మెడ బయటికి కనిపిస్తోంది.

వి ఆకారపు మెడ ఉన్నది కొనుక్కోండి. టై కట్టుకునే రోజు గుండ్రటి మెడ, కాలర్ వదిలేసే రోజు వి మెడ. కాలర్ సందులోంచి తెల్లటి పట్టీ తొంగి చూస్తుంటే ఎంత ఖరీదైన చొక్కా అయినా దండగే. దానికంటే ఛాతీ కాస్త కనపడినా పర్వాలేదు.

పెట్టె మీద 85, 90, 95 అని ఉంటాయి. ఏది తీసుకోవాలి?

అవి ఛాతీ చుట్టుకొలత, సెంటీమీటర్లలో. టైలరు మీకు అంగుళాల్లో చెప్తాడు కనుక 2.54తో హెచ్చవేసుకోవాలి. 36 అంగుళాలంటే 91 చిల్లర, 90 తీసుకోండి. 38కి 95, 40కి 100. చొక్కా కింద వేసుకునేది ఒంటిని అంటిపెట్టుకుని ఉండాలి, పట్టేసినట్టు ఉండకూడదు. వదులైతే టక్ చేసినప్పుడు నడుం చుట్టూ ముడతలు పడి చొక్కా ఉబ్బుతుంది.

పొడుగు గురించి ఎవరూ అడగరు, అసలు చూసుకోవాల్సింది అదే. కాటన్ అల్లిక మొదటి రెండు మూడు ఉతుకుల్లో కుంచించుకుపోతుంది. కొన్నరోజు బెల్టు దాకా వచ్చిన బనియన్ నెల తిరిగేసరికి బొడ్డు దగ్గర తేలి, చెయ్యెత్తినప్పుడల్లా ప్యాంటులోంచి బయటికొచ్చేస్తుంది. కొనేటప్పుడే తుంటి మీదకి నాలుగు వేళ్లు దిగేది చూసుకోండి.

ఏ గుడ్డ మంచిది? కాటనా, ఇప్పుడొస్తున్న మెత్తటి రకాలా?

మామూలుగా దొరికేవి మూడు.

కాటన్: మన దేశంలో బనియన్లకి పుట్టినిల్లు తమిళనాడులోని తిరుప్పూర్. అక్కణ్ణుంచి వచ్చే సరుకంతా దాదాపు ఇదే. చెమటను బాగా తాగుతుంది, చర్మానికి హాయి. తాగింది తొందరగా వదలదు, అదే దీనితో చిక్కు. గాలిలో తేమ ఎక్కువున్న రోజు మధ్యాహ్నానికి తడిసిన కాటన్ బనియన్ సాయంత్రం దాకా తడిగానే ఉంటుంది.

మోడల్: బీచ్ (beech) అనే చెట్టు కలప గుజ్జుతో చేసే నూలు. కాటన్ కంటే మెత్తన, పల్చన, ఒంటి మీద జారుతుంది. ఖరీదు ఎక్కువ. చొక్కా కింద కనపడకుండా ఉండటంలో నా ఓటు దీనికే.

పాలిస్టర్: తన బరువులో అర శాతం తేమను కూడా లోపలికి పీల్చుకోదు, కాటన్ అయితే మామూలు గాలిలోనే 8 శాతం దాకా పట్టుకుంటుంది. కాబట్టి ఇది చిటికెలో ఆరుతుంది. ఆటగాళ్ల బట్టలు దీనితో చేసేది అందుకే. కానీ చెమట కొవ్వును పట్టుకుని వదలదు, ఉతికినా వాసన మిగులుతుంది. పొద్దున్న వేసుకుని రాత్రి దాకా ఉండే ఆఫీసు పనికి ఇది వద్దు.

స్టీల్ ప్లాంటులో పని. లోపల తొందరగా ఆరే రకం పాలిస్టర్ బనియన్ వేసుకోవచ్చా?

వేడి దగ్గర పనయితే ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పాలిస్టర్ సుమారు 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది, కాలిన గాయం లోతవుతుంది. కాటన్ కాలుతుందే గానీ కరగదు. ఫర్నేసు దగ్గరైనా, షిప్‌యార్డులో వెల్డింగ్ దగ్గరైనా లోపలి బట్ట కూడా కాటనే ఉండాలి. మీ సేఫ్టీ విభాగం చెప్పేదే ఆఖరి మాట, ఈ పేజీ కాదు.

గాజువాక నుంచి మధురవాడ దాకా బైకు మీద వెళ్తాను. ఆఫీసు చేరేసరికి చొక్కా పిండొచ్చు.

చొక్కా వేసుకుని బయల్దేరకండి. ఎన్ఏడీ, కంచరపాలెం దాటేసరికే వీపు బ్యాగు కింద ఇంత మేర నల్లబడుతుంది. పాత బనియన్ మీద ఏదైనా వదులు టీషర్టు వేసుకుని వెళ్లండి. ఆఫీసు చొక్కాని మడతపెట్టి, ఆరిన బనియన్‌తో కలిపి సంచిలో పెట్టుకోండి. దిగాక వెంటనే మార్చకండి. పది నిమిషాలు ఏసీలోనో ఫ్యాన్ కిందో ఆగి, తడి రుమాలుతో మెడ, చంకలు తుడుచుకుని అప్పుడు తొడుక్కోండి. దిగీదిగగానే వేసుకుంటే కొత్త బనియన్ కూడా అయిదు నిమిషాల్లో తడుస్తుంది, ఒంటి వేడి తగ్గేదాకా చెమట ఆగదు.

విప్పిన తడి బనియన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగులో కుక్కి, సాయంత్రం దాకా మర్చిపోవడం మగవాళ్లందరికీ అలవాటు. బ్యాగు జిప్పు తీసిన వాళ్లావిడకే దాని ఫలితం తెలుస్తుంది. సెల్లార్లోనో, బాత్రూం తలుపు వెనకో గాలి తగిలేచోట తగిలించండి.

బస్సులో చెమట పట్టి ఏసీ ఆఫీసులో కూర్చుంటే జలుబు చేస్తుందంటారు. నిజమేనా?

జలుబు వైరస్ వల్ల వస్తుంది, తడి బనియన్ వల్ల రాదు. వీపు మీద చల్లగా తగులుతూ గంటసేపు వణికించడం మాత్రం నిజం. మార్చుకోండి.

ఒక బనియన్ ఎన్నాళ్లు వేసుకోవచ్చు?

ఒక్కరోజు. ఆరేస్తే రేపటికి బాగానే ఉంటుంది కదా అనే బేరాలు పెట్టుకోకండి. అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు, చర్మం మీది బాక్టీరియా దాన్ని తినడం మొదలుపెట్టాకే కంపు. ఆరిన బనియన్ మళ్లీ తడిసేసరికి ఆ పని నిన్న ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి అందుకుంటుంది. వారానికి ఆరు రోజులు ఆఫీసైతే ఎనిమిది ఉంచుకోండి, వానాకాలంలో ఇంకో రెండు.

వీపు మీద చెమటకాయలు, నడుం దగ్గర దురద. బనియన్ మానేయాలా?

చెమటకాయలంటే చెమట నాళాలు మూసుకుపోయి చెమట చర్మం కిందే చిక్కుకోవడం. బిగుతు బనియన్, సింథటిక్ బనియన్ దాన్ని పెంచుతాయి. అవి తగ్గేదాకా బనియన్ మానేసి వదులు కాటన్ చొక్కా వేసుకోండి. రెండుపూటలా చన్నీళ్ల స్నానం చేసి, ఫ్యాన్ గాలికి ఒళ్లు ఆరనివ్వండి. మందంగా పౌడరు దట్టించకండి. చెమటకి తడిసి అదే ముద్ద కడుతుంది.

నడుం దగ్గర, తొడల సందుల్లో, చంకల్లో గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి దురద పెడుతుంటే అది తామర. ఇది బనియన్ తప్పు కాదు, ఫంగస్. తడి, వేడి ఉన్నచోట దానికి పండగ, మన ఊళ్లో ఆ రెండింటికీ కొదవలేదు. మెడికల్ షాపులో "దురదకి ఏదైనా ఇవ్వండి" అంటే చాలాసార్లు స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతిలో పెడతారు. రెండు రోజుల్లో దురద ఆగుతుంది, ఎరుపు తగ్గుతుంది, మీరు సంతోషిస్తారు. లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతూ ఉంటుంది. మానేయగానే రెట్టింపై తిరిగొస్తుంది, ఆకారం మారిపోయి డాక్టరుకి కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. దేశమంతటా చర్మవైద్యులు మొత్తుకుంటున్నది దీని గురించే. ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథాసోన్ లాంటి పేర్లుంటే డాక్టరు చెప్పకుండా రాయకండి. ప్రైవేటు డాక్టరు ఫీజుకి వెనకాడితే ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది, అక్కడ చూపించుకోండి.

మందు వాడుతున్నన్నాళ్లూ మీ బనియన్లు, తువ్వాలు విడిగా, వేణ్ణీళ్లలో ఉతికి ఎండలో ఆరేయించండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకీ వైద్యం జరగాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

వానాకాలంలో బనియన్లు ఆరవు, ముక్కవాసన. ఏం చేయాలి?

దండెం మీద ఒకదాని మీద ఒకటి వేయకండి. ఉతికాక గట్టిగా పిండి, ఫ్యాన్ కింద విడివిడిగా వేయండి. కొంచెం తేమ ఉండగానే ఇస్త్రీ పెట్టెతో లాగితే ఆ వాసన రాదు.

సముద్రం దగ్గరున్న ఇళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ వైపు డాబా మీద కట్టిన ఇనప తీగ ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడుతుంది. తెల్ల బనియన్‌ని దాని మీద ఆరేస్తే మధ్యలో అడ్డంగా ఎర్రటి గీత పడుతుంది. ఆ గీతకి కూడా బ్లీచ్ పనికిరాదు, తుప్పు మరకని అది ఇంకా గట్టి చేస్తుంది. నిమ్మకాయ పిండి, ఉప్పు చల్లి, ఎండలో గంట పెట్టి ఉతకండి. అంతకంటే తీగ తీసేసి నైలాన్ తాడు కట్టుకోవడం తేలిక.

తెల్ల బనియన్లకి నీలం పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ఉజాలా నాలుగు చుక్కలు బకెట్ నీళ్లలో బాగా కలిపాకే బనియన్ ముంచండి, నేరుగా గుడ్డ మీద పోస్తే మచ్చలు పడతాయి. నీలం పసుపుని కళ్లకి కనపడకుండా చేస్తుందే గానీ మురికి తీయదు, కాబట్టి ముందు సరిగ్గా ఉతకాలి.

లినెన్ చొక్కా, పొందూరు ఖద్దరు చొక్కా కింద కూడా వేసుకోవాలా?

లినెన్ కింద వద్దు. దాని అల్లిక వదులు, గాలి ఆడటానికే డబ్బు పోసి కొంటాం. లోపల బనియన్‌తో ఆ దారి మూసేస్తే కొన్న లాభమేముంది?

పొందూరు సంగతి కొంచెం వేరు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో దూదిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో వడికిన సన్న నూలుతో నేస్తారు. ఆ సన్న రకం చాలా పల్చన. ఎండలో నిలబడితే లోపలి మనిషి తెలిసిపోతాడు. లాల్చీగా కుట్టించుకుంటే లోపల బనియన్ ఉండటమే అందం. ఇక్కడ అది కనపడినా తప్పులేదు. పంచె, లాల్చీ కట్టుకున్న మన పెద్దలకి తెల్ల బనియన్ కూడా వేషంలో భాగమే. గోధుమరంగుది వెతుక్కోకండి, మంచి తెల్లది, చేతులున్నది వేసుకోండి. ముతక ఖద్దరైతే చర్మానికి గరుకుగా తగులుతుంది, దాని కిందా బనియన్ మేలే.

మా నాన్నగారి తరం బనియన్ లేకుండా గుమ్మం దిగేది కాదు. అది వట్టి అలవాటేనా?

అలవాటు వెనక లెక్క ఉంది. అప్పట్లో బయటికి వేసుకునే చొక్కాలు రెండో మూడో. రోజూ ఉతికితే కాలర్ చిరిగిపోయేది. బనియన్ రోజూ ఉతుక్కుని, చొక్కాని చిలక్కొయ్యకి తగిలించి రెండోరోజు కూడా తొడుక్కునేవాళ్లు. ఇంటికి రాగానే చొక్కా విప్పేసి బనియన్ మీదే ఉండేవారు. ఇప్పుడు వాషింగ్ మెషీన్ ఉంది, చొక్కాలు బీరువా నిండా ఉన్నాయి, ఆ లెక్క సగం చెల్లదు. చెమట లెక్క చెల్లుతుంది. నాన్నగారితో వాదన మాత్రం పెట్టుకోకండి.

క్యాంపస్ ఇంటర్వ్యూ ఉంది, టెన్షన్‌కే చెమట పడుతోంది.

టెన్షన్ చెమట ఎక్కువగా అరచేతుల్లో, చంకల్లో పడుతుంది, ఏసీ గదిలో కూర్చున్నా ఆగదు. కాబట్టి ఆ రోజు బనియన్ తప్పనిసరి, హాఫ్ హ్యాండ్స్‌ది. చొక్కా తెలుపైతే మంచిది. లేత నీలం, బూడిద రంగుల మీద తడి పటం కొట్టొచ్చినట్టు కనపడుతుంది, తెలుపు మీద, ముదురు నీలం మీద అంతగా తెలియదు. కొత్త బనియన్ అదే రోజు విప్పి వేసుకోకండి. గంజి, పెట్టె వాసన పోవాలంటే ముందు రెండుసార్లు ఉతకాలి. మెడ వెనక లేబుల్ గుచ్చుతుంటే హెచ్ఆర్ ముందు గోక్కోవాల్సి వస్తుంది, దాన్ని ముందే కత్తిరించేయండి.

మే నెలలో మా వాడి పెళ్లి, బీచ్ రోడ్డులో రిసెప్షన్. సూటు కింద?

తప్పకుండా ఉండాలి. సూటు ఉతికేది కాదు, డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేది. చెమట లోపలి లైనింగ్‌కి దిగితే ఆ తెల్లటి ఉప్పు చారలు తేలిగ్గా వదలవు. ఫొటోల లైట్ల కింద రెండు గంటలు నిలబడాలి కనుక పల్చటి మోడల్ బనియన్ రెండు కొని పెట్టండి. పెళ్లికొడుకు భోజనాలకి దిగేముందు మార్చుకుంటాడు. మేనమామకి అప్పచెప్పండి ఆ పని. తోడిపెళ్లికొడుకు సెల్ఫీల్లో ఉంటాడు.

అరకు, లంబసింగి వెళ్లేటప్పుడు?

డిసెంబరు, జనవరిలో అయితే ఫుల్ హ్యాండ్స్‌ది, ఒంటికి దగ్గరగా ఉండేది. చెమట పట్టిన బనియన్‌తో అక్కడ రాత్రి పడుకోకండి.

బనియన్ అసలు పడదు నాకు. లేకుండా ఎలా నెట్టుకురావాలి?

చొక్కా ఎంపికలో జాగ్రత్త పడండి. నూటికి నూరు కాటన్, కొంచెం దట్టమైన నేత, ఆక్స్‌ఫర్డ్ లాంటిది తీసుకోండి. సన్న గళ్లు, గీతలు చెమట పటాన్ని దాచేస్తాయి. వీపు దగ్గర, చంక దగ్గర ఒక అంగుళం వదులు పెట్టమని టైలరుకి చెప్పండి. స్లిమ్ ఫిట్ ఈ ఊరికి కాదు. చంకల్లో వెంట్రుకలు పొట్టిగా కత్తిరించుకుంటే వాసన తగ్గుతుంది. ఆఫీసు సొరుగులో ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటి ఉంచుకోండి, మధ్యాహ్నం మీటింగ్ పడితే పనికొస్తుంది.

మావారు చిల్లులు పడిన బనియన్లు పారేయనివ్వరు. "లోపల ఎవరు చూస్తారే" అంటారు.

ఆయన చెప్పింది చొక్కా విప్పనంతవరకు నిజమే. చిన్న చిల్లు వల్ల నష్టం లేదు. మెడ సాగిపోయినా, చంక దగ్గర గట్టిపడినా, ఉతికాక కూడా వాసన వస్తున్నా దాని ఆయుష్షు అయిపోయినట్టే. వాదించడం దండగ. ఆరేసిన దండెం మీంచే తీసి బైకు తుడిచే గుడ్డల్లో కలిపేయండి. ఆదివారం దానితోనే ఆయన బండి తుడుచుకుంటారు, గుర్తుపట్టరు.

ఇంట్లో బనియన్ మీద ఉండగా కాలింగ్ బెల్ మోగితే అలాగే తలుపు తీయొచ్చా?

పాలవాడికి, కొరియర్ కుర్రాడికి తీయొచ్చు. వియ్యంకుడు గారైతే ఒక్క నిమిషం ఆగమని చెప్పి చొక్కా తగిలించుకోండి.